గాలానికి పడ్డ ఆజి పచ్చిగా పళ్లెంలోకి వచ్చేదాకా

పచ్చి చేప తినాలని బయల్దేరేవాళ్లు ఎర కంటే ముందు ఐసు కొనాలి. మా ఆయన రాడ్లకీ రీళ్లకీ ఎంతైనా పెడతాడు గానీ ఐసు దగ్గరికి వచ్చేసరికి "ఒక్క సంచి చాల్లే" అంటాడు. అందుకే మా ఇంట్లో ఐసు డిపార్ట్‌మెంట్ నాది. చేప పట్టేది ఆయన, ఐసులో పెట్టించేదీ కోసేదీ నేను. నన్నడిగితే పచ్చి చేప రుచిలో ముప్పావు వంతు పడవ మీద, మొదటి పది నిమిషాల్లోనే తేలిపోతుంది. ఇంటికొచ్చాక మనం చేసేదల్లా దాన్ని చెడగొట్టకుండా కాపాడుకోవడమే.

మేముండేది టోక్యోలో నిషికసాయి. ఇండియా వాళ్లు ఎక్కువగా ఉండే పేట కాబట్టి చాలామంది తెలుగువాళ్లకి తెలిసే ఉంటుంది. అక్కణ్నించి కారులో చిబా వైపు దిగితే బోసో ద్వీపకల్పం. పడమట టోక్యో అఖాతం, తూర్పున పసిఫిక్. ఇటు పక్క ఫుత్సులో కనాయా రేవు, కిందికి పోతే తతెయామా, అటు పక్క కమొగవా, కత్సుఉరా. అన్నీ చేపల ఊళ్లే. నేను పుట్టింది భీమిలిలో. చేప అంటే పులుసు, ఇగురు, వేపుడు, ఎండుచేప అని తప్ప ఇంకో దారి ఉందని తెలియని ఇల్లు మాది. అలాంటి ఇంటి నుంచి వచ్చి, ఇక్కడి జాలర్ల తిండి చూసి నేర్చుకున్న పద్ధతి ఇది.

ఈ రాసేదంతా ఆజి అనే చేప గురించి. మన పార చేపల కుటుంబమే, కాస్త సన్నగా ఉంటుంది. పచ్చి చేప కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి నేను దీన్నే చెబుతాను. ఒకటి రెండు చేపలు ఒక మనిషికి సరిపోతాయి, తోలు చేత్తోనే ఊడి వస్తుంది, కోత కాస్త వంకర పోయినా రుచికి నష్టం లేదు. పెద్ద చేపతో మొదలుపెడితే కత్తి తిప్పడం రాక సగం మాంసం ముల్లుకే పోతుంది.

పడవ మీద

గట్టు మీంచి పట్టేవాళ్లు సబికి వాడతారు. ఒకే తీగకి అరడజను చిన్న గాలాలు, పైనో కిందో సన్న రొయ్యల ఎర నింపిన బుట్ట. దీనికి ఎక్కువగా పడేవి వేలెడంత ఆజిలు. వాటిని పచ్చిగా తినే ప్రయత్నం చేయకండి, ముల్లు తీస్తే ఏమీ మిగలదు. పేగులు లాగేసి నూనెలో వేస్తే కరకరలాడతాయి. పచ్చిగా తినడానికి జానెడు కంటే పెద్ద ఆజి కావాలి, 22 సెంటీమీటర్లు దాటితే మంచిది. వాటికోసం పడవెక్కాలి. కనాయాలో పూటకో పడవ ఉంటుంది, మనిషికింత అని తీసుకుంటారు, సామాను లేకపోతే అద్దెకిస్తారు. అరకిలో దాకా బరువుండే సీసపు బుట్టలో రుబ్బిన సార్డిన్ చేప నింపి దింపుతారు. గాలానికి ఎరగా ఎర్ర రంగు అద్దిన స్క్విడ్ ముక్క, గోరంత. బుట్ట అడుగు తాకాక రెండు మూడు మీటర్లు పైకి తీసి, ఒకసారి ఊపి ఆగాలి. ఆజి మూతి చాలా మెత్తన. గట్టిగా లాగితే మూతి చిరిగి చేప పోతుంది.

చేప పైకొచ్చిన క్షణం నుంచి పని నాది. అరచేత్తో పట్టుకోకండి, మన చేతి వేడి దానికి ఎక్కువ. తడిపిన గుడ్డతోనో, చేప పట్టుకునే ప్లాస్టిక్ పట్టుతోనో పట్టుకోవాలి. మొప్ప మూత ఎత్తి లోపల చూస్తే ఎర్రటి మొప్పలు, వాటి కింద గొంతు వైపు సన్నని పొర కనిపిస్తాయి. వంటింటి కత్తెర అక్కడ పెట్టి ఒక్క కోత. రక్తం చిమ్ముతుంది. వెంటనే సముద్రపు నీళ్లున్న బకెట్లో తలకిందులుగా వదలాలి. రెండు మూడు నిమిషాల్లో నీళ్లు ఎరుపెక్కుతాయి, చేప కదలడం ఆగిపోతుంది. కొట్టుకుని కొట్టుకుని చచ్చిన చేప మాంసం వేడెక్కి, రక్తం లోపలే నిలిచి, సాయంత్రానికి నీచు వాసన కొడుతుంది. మనం నీచు అనేదాంట్లో ఎక్కువ భాగం ఈ రక్తం, పొట్ట, పై జిగురు తెచ్చిపెట్టేదే.

తర్వాత ఐసు నీళ్లు. ఐసుపెట్టెలో సగం ఐసు, అది తేలేదాకా సముద్రపు నీళ్లు. అందులో చెయ్యి పెట్టి పది లెక్కపెట్టేలోపు నొప్పి పుట్టాలి. పుట్టకపోతే ఐసు చాల్లేదన్నమాట. వట్టి ఐసు మీద చేపను పెడితే తాకిన చోటే చల్లబడుతుంది. నీళ్లయితే నలుమూలల నుంచీ పట్టేస్తాయి. ఉప్పునీళ్లు కాబట్టి మామూలు ఐసు నీళ్ల కంటే ఇంకాస్త చల్లగా కూడా ఉంటాయి. ముప్పావు గంటలో చేప లోపలిదాకా చల్లబడి కర్రలా బిగుస్తుంది. అప్పుడు తీసి, నీళ్లు వంపేసి, ప్లాస్టిక్ సంచుల్లో కట్టి ఐసు మీద పెట్టాలి. సాయంత్రందాకా ఆ నీళ్లలోనే నాననిస్తే కళ్లు తెల్లబడి, మాంసం నీరు తాగి చప్పబడుతుంది.

మా ఆయన ప్రతి చేపతోనూ ఫొటో దిగాలనుకునే రకం. ఒకసారి పడవ కెప్టెన్ వెనకనుంచి మైకులోనే అరిచాడు, "ఫొటో తర్వాత, ముందు ఐసు!" అని. ఆ కెప్టెన్ అంటే నాకు గౌరవం.

ఐసు అంత ముఖ్యం ఎందుకంటే, ఆజి, సాబా (మన కానగంత లాంటిది), సార్డిన్, ట్యూనా లాంటి చేపల మాంసంలో హిస్టిడిన్ అనే అమైనో ఆమ్లం ఎక్కువ. వెచ్చగా ఉంచితే బాక్టీరియా దాన్ని హిస్టమిన్‌గా మార్చేస్తుంది. తిన్న కాసేపటికే మొహం ఎర్రబడి, దద్దుర్లు, తలనొప్పి. ఒకసారి హిస్టమిన్ తయారైతే ఉడికించినా వేయించినా పోదు. కాబట్టి "ఐసు కరిగిపోయింది, పోనీ పులుసు పెట్టేద్దాం" అనే రాజీకి కూడా తావు లేదు. నోట్లో పెట్టగానే నాలుక చురుక్కుమంటే ఉమ్మేయాలి.

పడ్డవన్నీ పెట్టెలోకి వేసుకోకూడదు కూడా. గట్టు మీద సబికికి చిన్న ఫుగు తరచూ పడుతుంది, ఒత్తితే పొట్ట ఉబ్బుతుంది. దాని విషానికి మందు లేదు, జపాన్‌లో దాన్ని కోసి వడ్డించాలంటే ప్రత్యేకంగా అనుమతి కావాలి. నీళ్లలోకి వదిలేయండి. చారలున్న చిన్న జెల్లలాంటి చేప, గొంజుయి, పడితే చేత్తో ముట్టకుండా తీగ కోసేయండి. దాని ముల్లు గుచ్చుకుంటే ఆ రోజుకి చేపల వేట ముగిసినట్టే.

కడగడం

ఇంటికి రాగానే స్నానం, టీ తర్వాత. ముందు పొట్టలు తీయాలి. ఎందుకో కింద పురుగు సంగతిలో చెబుతాను.

మొదట కుళాయి కింద, పారే నీళ్లలో పైపైన బాగా కడగాలి. సముద్రపు చేపల మీద విబ్రియో పారాహీమోలిటికస్ అనే బాక్టీరియా ఉంటుంది. 1950లో ఒసాకాలో షిరాసు అనే సన్న చేపలు తిని 272 మంది జబ్బుపడ్డారు, 20 మంది చనిపోయారు. ఆ కేసులోనే ఫుజినో త్సునెసబురో అనే శాస్త్రవేత్త దీన్ని పట్టుకున్నాడు. దానికి ఉప్పు కావాలి, మంచినీళ్లు పడవు. వెచ్చగా ఉంటే చకచకా పెరుగుతుంది, చల్లగా ఉంటే పెరగదు. అంటే కుళాయి నీళ్లు, ఫ్రిజ్, ఈ రెండే దీనికి మందు. ఎండాకాలంలో మరీ జాగ్రత్త.

ఆజికి రెండు పక్కలా, తోక నుంచి నడుము మీదుగా, ముళ్లలాంటి గట్టి పొలుసుల వరుస ఒకటి ఉంటుంది. కత్తిని పడుకోబెట్టి తోక దగ్గర మొదలుపెట్టి తల వైపు నెమ్మదిగా రంపంలా ఆడిస్తూ తీసేయాలి. మిగతా పొలుసు కత్తి మొనతో గీకితే పోతుంది. పక్క రెక్క వెనకాల ఏటవాలుగా కోసి తల తీసేయాలి. పొట్ట చీల్చి పేగులన్నీ లాగేయాలి. లోపల వెన్నుముల్లు పక్కన నల్లెర్రగా రక్తపు గీత కనిపిస్తుంది. దాని మీద పొర కత్తి మొనతో చీల్చి, దీనికని విడిగా పెట్టుకున్న పాత టూత్‌బ్రష్‌తో రుద్ది కడిగేయాలి. ఈ గీత వదిలేస్తే పైన ఎంత కడిగినా వాసన వస్తుంది.

తర్వాత కిచెన్ పేపర్‌తో లోపలా బయటా పొడిగా తుడవాలి. ఇక్కడితో నీళ్ల పని అయిపోయింది. ఇక చేప ముక్కకి నీటి చుక్క తగలకూడదు. కోసే చెక్క మార్చాలి, కత్తి కడిగి తుడవాలి, చేతులు సబ్బుతో కడుక్కోవాలి. పొట్ట కోసిన చెక్క మీదే పచ్చి ముక్క కోయడం ఈ మొత్తం వ్యవహారంలో చేయగలిగిన అతి చెడ్డ పని.

మా అమ్మ వీడియో కాల్‌లో ఇదంతా చూసి ఆగలేకపోయింది.

"ఏటే, ఉప్పూ పసుపూ ఏసి రుద్దవా?"

"రుద్దితే ఇంక పచ్చిగా తినలేమమ్మా, ఉప్పుకి నీరొదిలేస్తాది."

"మరి నీచు ఎలా పోద్ది?"

"పోగొట్టడం కాదమ్మా, అసలు రాకుండానే చూసుకోవాల. కడిగాక కూడా వాసనొత్తే అది పులుసుకే."

"అన్నీ పులుసే పెట్టరాదూ," అని ఫోన్ నాన్నకి ఇచ్చేసింది.

కోయడం

మా అమ్మమ్మ కత్తిపీట ముందు కూచుని వంజరం చక్రాలు కోస్తుంటే ఒక్కో ముక్కా ఒకే మందంలో పడేది. ఆ విద్య ఇక్కడ పనికిరాదు. మనం ముల్లుతో సహా అడ్డంగా కోస్తాం, పులుసుకి ఆ ముల్లే రుచి. పచ్చి చేపకి ముల్లు ఉండకూడదు కాబట్టి నిలువుగా, ముల్లు వెంబడి కోయాలి. రెండు పక్కలా రెండు మాంసపు పలకలు, మధ్యలో వెన్నుముల్లు, మొత్తం మూడు ముక్కలు. జపాన్ వాళ్లు దేబా అనే మందపాటి కత్తి వాడతారు. లేకపోతే బాగా పదునైన మామూలు కత్తి చాలు. మొద్దు కత్తి మాత్రం వద్దు, అది కోయదు, నలుపుతుంది.

చేప పొట్ట మీ వైపు, తోక ఎడమ వైపు ఉండేలా పెట్టండి. తల తీసిన చోటు నుంచి తోక దాకా పొట్ట అంచున ముందు ఒక లోతు తక్కువ గీత. రెండోసారి అదే గీతలో కత్తిని కాస్త కిందికి వంచి ముల్లు మీద ఆనిస్తే టిక్ టిక్ టిక్ అని చిన్న చప్పుడు వినిపిస్తుంది. కత్తి ముల్లుల మీద నడుస్తున్న చప్పుడు అది. చప్పుడు ఆగిందంటే మాంసంలోకి పోతున్నారని లెక్క. వెన్నుదాకా తెగాక చేపను తిప్పి వీపు వైపు కూడా అలాగే. చివర్న తోక దగ్గర కత్తి గుచ్చి తల వైపు తోసుకుంటూ పోతే ఒక పలక ఊడి వస్తుంది. రెండో వైపూ ఇంతే. ముల్లుకి కాస్త మాంసం మిగిలితే దిగులు పడకండి, చెంచాతో గీరి నామెరోలో, అంటే కింద చెప్పే కత్తితో కొట్టిన చేప ముద్దలో, వేసుకోవచ్చు.

పొట్ట ముళ్లు కత్తిని పడుకోబెట్టి పల్చగా చెక్కేయాలి. పొట్ట అంచును కాస్త ఉదారంగానే తీసేయండి. పలక మధ్యలో వేలితో తడిమితే చిన్న ముళ్ల వరుస తగులుతుంది. ట్వీజర్‌తో తల వైపుకి లాగితే మాంసం చెదరకుండా వస్తాయి. ఇక తోలు. తల వైపు మూల గోటితో కాస్త ఎత్తి, మాంసాన్ని వేళ్లతో నొక్కి పట్టి, తోలును తోక వైపుకి మెల్లగా లాగాలి. వెండి మెరుపు మాంసం మీదే ఉండిపోయి, కింది పల్చని తోలు మాత్రం ఒక్క ముక్కగా చేతిలోకి వస్తుంది. మొదటిసారి అలా వచ్చినప్పుడు ఎవరికైనా ఈల వేయాలనిపిస్తుంది.

పురుగు సంగతి

జపాన్‌లో ఇటీవలి సంవత్సరాల్లో ఫుడ్ పాయిజనింగ్ కేసుల సంఖ్యలో మొదటి వరుసలో ఉండేది అనిసాకిస్ అనే పురుగు. 2 నుంచి 3 సెంటీమీటర్ల తెల్ల దారం ముక్క, తరచూ చుట్ట చుట్టుకుని ఉంటుంది. చేప బతికున్నప్పుడు ఎక్కువగా పేగుల మీద ఉంటుంది. చచ్చాక, సమయం గడిచేకొద్దీ మాంసంలోకి పాకుతుంది. పొట్ట ముందు తీయాలన్నదీ, పొట్ట అంచు ఉదారంగా కోయాలన్నదీ ఇందుకే. సాబాలో ఇది ఎక్కువ, ఆజిలోనూ ఉంటుంది.

తెలిసి తెలిసి చాలామంది నమ్మే మాటలు కొన్నున్నాయి. వాసబి (పచ్చి చేపతో తినే ఘాటు ముద్ద) చంపేస్తుంది, వెనిగర్ చంపేస్తుంది, సోయా సాస్ చంపేస్తుంది, బాగా నమిలితే చచ్చిపోతుంది అని. ఏదీ నమ్మదగ్గది కాదు. మన తెలుగువాళ్లు ఇంకోటి చేరుస్తారు, "నిమ్మకాయ పిండితే ఉడికినట్టే కదా" అని. నిమ్మరసం మాంసాన్ని తెల్లగా గట్టిపరుస్తుంది, చూడ్డానికి ఉడికినట్టే ఉంటుంది. పెరూ వాళ్ల సెవిచే అలా చేసేదే. కానీ పురుగు ఆ పులుపులో హాయిగా బతుకుతుంది. వెనిగర్‌లో నానబెట్టిన సాబా తిని ఆస్పత్రికి వెళ్లేవాళ్లు ఇక్కడ ఏటా ఉంటారు.

నమ్మదగినవి రెండే. 70 డిగ్రీలు దాటిన వేడి, లేదంటే మైనస్ 20 డిగ్రీల్లో 24 గంటలు. ఇళ్లలో ఫ్రీజర్ మామూలుగా మైనస్ 18 దగ్గర ఉంటుంది, తలుపు తీసి వేస్తుంటే ఇంకా పెరుగుతుంది. అందుకని నేను పలకల్ని పల్చగా ప్లాస్టిక్‌లో చుట్టి రెండు పూర్తి రోజులకి తక్కువ కాకుండా ఉంచుతాను. గడ్డకట్టడం వల్ల పురుగు చస్తుంది గానీ బాక్టీరియా చావదు, కాబట్టి ముందు చెప్పిన ఐసు, శుభ్రం ఎక్కడికీ పోవు. కరిగించడం కూడా ఫ్రిజ్‌లోనే, వంటింటి గట్టు మీద కాదు. ఫ్రీజర్ ఆజి సాషిమికి, అంటే ముక్కలు కోసి పచ్చిగా తినడానికి, కాస్త చప్పగా అనిపిస్తుంది, నామెరోకి మాత్రం తేడా పెద్దగా తెలియదు. మా ఇంటికి అతిథులొస్తే ఫ్రీజర్‌దే పెడతాను. వాళ్ల కడుపుతో జూదం ఆడే హక్కు నాకు లేదు.

గడ్డకట్టించకుండా తినేది మేమిద్దరమే, అదీ పొట్ట త్వరగా తీసిన చేపయితేనే. ప్రతి పలకనూ కిటికీ దగ్గరో ఫోన్ లైటు మీదో ఎత్తి పట్టుకుని, రెండు వైపులా చూస్తాను. కళ్లతో చూడటం వల్ల ముప్పు తగ్గుతుందంతే, పోదు. తిన్న కొన్ని గంటలకే పై కడుపులో మెలిపెట్టినట్టు భరించలేని నొప్పి, వాంతులు వస్తే గ్యాస్ మాత్ర మింగి పడుకోకుండా ఆస్పత్రికి వెళ్లాలి. ఏ చేప, ఎప్పుడు, పచ్చిగా తిన్నామో చెబితే ఎండోస్కోప్ పెట్టి పురుగును పట్టుకుని తీసేస్తారు. గర్భిణులకీ, చిన్నపిల్లలకీ, పెద్ద వయసు వాళ్లకీ, ఒంట్లో రోగనిరోధక శక్తి తగ్గే మందులు వాడేవాళ్లకీ అసలు పచ్చిది పెట్టకండి.

షాపులో కొనేవాళ్లకి ఒక్క మాట. ప్యాకెట్ మీద సాషిమికి అని రాసి ఉంటేనే పచ్చిగా తినాలి. వేడి చేసి తినడానికి అని రాసి ఉంటే కళ్లు ఎంత మెరుస్తున్నా అది పొయ్యి మీదకే.

నామెరో

బోసో జాలర్లు పడవ మీదే చేసుకునే తిండి ఇది. ఊగే పడవలో సోయా సాస్ గిన్నె నిలవదు కాబట్టి మిసో (పులియబెట్టిన సోయా ముద్ద) వాడేవారని ఇక్కడ అందరూ చెబుతారు. నాకు సాషిమి కంటే ఇదే ఇష్టం, మన నోటికి దగ్గరగా ఉంటుంది.

25 సెంటీమీటర్ల ఆజిలు రెండు తీసుకుంటే పలకలు సుమారు 150 గ్రాములు వస్తాయి. దానికి మిసో ఒక టేబుల్ స్పూన్, బొటనవేలంత అల్లం, ఉల్లికాడ ఒక జానెడు, షీసో అనే సువాసన ఆకులు నాలుగైదు. షీసో దొరక్కపోతే మానేయండి. పుదీనా వేస్తే పచ్చడి వాసన వచ్చి చేప మాయమైపోతుంది.

ముందు చేపను చిన్న ముక్కలుగా కోసి, చెక్క మీద పోగేసి కత్తితో కొట్టండి. వరిపిండిలా మెత్తగా కాకూడదు, అక్కడక్కడ ముక్క తగలాలి. తర్వాత సన్నగా తరిగిన అల్లం, ఉల్లికాడ, షీసో, చివర్న మిసో వేసి, మడుస్తూ కొడుతూ మడుస్తూ కొడుతూ ఉండాలి. కాసేపటికి ముద్ద కత్తికి అంటుకుని, చెక్క నుంచి ఎత్తితే జారకుండా లేస్తుంది. అక్కడ ఆపేయాలి. మిక్సీలో వేయాలన్న ఆలోచన రానీయకండి. మిక్సీ వేడికి చేప పాలిపోయి, నమలడానికేమీ లేకుండా పోతుంది. కత్తితో ఇంతలా కొడితే పురుగు కూడా తెగుతుందిలే అన్న ధీమా కూడా వద్దు. ముందు చూసిన మాంసపు పలకలే చెక్క మీదికి రావాలి.

పళ్లెం ముందే ఫ్రిజ్‌లో పెట్టి చల్లబరిస్తే చివరి ముద్దదాకా రుచి నిలుస్తుంది. వేడి అన్నంలో పెట్టుకుని తినడమే నాకు తెలిసిన ఉత్తమ మార్గం. మిసో ఉప్పగా ఉంటుంది కాబట్టి వేరే ఏమీ అక్కర్లేదు. మా ఆయన మాత్రం నెయ్యి కావాలంటాడు. వేసి చూశాను, బాగుండదు.

సాషిమికి పని ఇంకా తక్కువ. పలకను కత్తి మడమ దగ్గర ఆనించి ఒక్క లాగుతో కోయాలి, ముందుకీ వెనక్కీ రుద్దకూడదు. ఆజికి వాసబి కంటే తురిమిన అల్లం నప్పుతుంది. కారం కావాలనుకునేవాళ్లకి టోక్యో కిందికి వచ్చే ఇజు దీవుల వాళ్లు దారి చూపించారు. హాచిజో దీవిలో సోయా సాస్‌లో అక్కడి పచ్చిమిర్చి నలిపి వేసి, దాంట్లో సాషిమి అద్దుకుంటారు. వాళ్ల సుషీలో వాసబి బదులు ఆవ ముద్ద పెడతారు. ఆవకాయ తిని పెరిగిన నాలుకకి ఇంతకంటే ఏం కావాలి? నేను సన్నటి పచ్చిమిర్చి ఒకటి గింజలు తీసి, సోయా సాస్‌లో పావుగంట నానబెడతాను. అద్దడమంటే మూల తగిలించడమే, ముంచడం కాదు.

ఎప్పుడు తినాలన్న దాని మీద ఇంట్లో గొడవ ఉంది. పట్టిన సాయంత్రం ఆజి బిగువుగా, కరకరమన్నట్టు ఉంటుంది. మా ఆయనకి అదే ఇష్టం. నాకు మర్నాటిది. చేప చచ్చాక కండరంలోని శక్తినిచ్చే పదార్థం విడిపోతూ ఐనోసినిక్ ఆమ్లంగా మారుతుంది. చేపలోని మాంసపు తియ్యదనానికి కారణం అదే. కొదమ షింతారో 1913లో ఎండబెట్టిన కత్సువో (ట్యూనా జాతి) చేపలోంచి దాన్ని గుర్తించాడు. పలకల్ని తోలుతోనే పొడి కాగితంలో చుట్టి, ఫ్రిజ్‌లో అన్నిటికన్నా చల్లటి అరలో ఉంచితే మర్నాటికి బిగువు తగ్గి రుచి పెరుగుతుంది. మూడో రోజుకి నేను పచ్చిగా తినను, ఇంటి ఫ్రిజ్ మీద నాకు అంత నమ్మకం లేదు.

మన ఊళ్లో చేయొచ్చా?

సెలవులకి వెళ్లినప్పుడల్లా మా మరిది ఇదే అడుగుతాడు. "వదినా, హార్బర్‌కి పోయి మంచి వంజరం తెస్తాను, ఆ జపాన్ వంట చెయ్యవూ?" అని. నేను చేయను. విశాఖ ఫిషింగ్ హార్బర్లో పెద్ద బోట్లు రోజుల తరబడి సముద్రంలో ఉండి వస్తాయి. ఆ చేప ఉడికించి తినేవాళ్ల కోసం పట్టింది, అలాగే ఐసు వేసింది. దానికి తగ్గట్టే రేవు గచ్చు మీద పడేస్తారు. పులుసుకి అది ఏ లోటూ లేని చేప. పచ్చిగా తినడానికి కావాల్సింది వేరు. రక్తం తీసిన చేప, మొదటి నిమిషం నుంచి తెగని చల్లదనం, తాగే నీళ్లతో చేసిన ఐసు, నమ్మకమైన కుళాయి నీళ్లు. భీమిలిలో తెల్లవారి వచ్చే చిన్న పడవల చేప తాజాదే, ఒప్పుకుంటాను. తాజాదనం ఒక్కటే చాలదు.

చెరువు చేపల మాట అయితే ఎక్కడైనా సరే వద్దు. రాగండి, బొచ్చె, కొరమీను ఏదైనా. మంచినీటి చేపల్లో కాలేయంలో చేరే పురుగులు, చర్మం కింద పాకే పురుగులు వేరే ఉంటాయి. ఈశాన్య థాయిలాండ్‌లో పచ్చి మంచినీటి చేప తినే అలవాటు వల్ల కాలేయంలో పురుగు చేరి, అది పిత్తనాళపు క్యాన్సర్‌దాకా పోయిన ఊళ్లున్నాయి. మా మరిదికి ఇది చెప్పాక వంజరం వేపుడుతో సర్దుకున్నాడు.

మిగిలినవి

నామెరో మిగిలితే మర్నాటికి పచ్చిగా దాచకండి, కత్తితో కొట్టిన చేప త్వరగా పాడవుతుంది. చిన్న బిళ్లలు చేసి రెండు వైపులా షీసో ఆకు అతికించి, పెనం మీద కాస్త నూనెతో లోపలిదాకా కాల్చితే సంగా అవుతుంది. జాలర్లు దీన్నే అవాబి అనే పెద్ద సముద్రపు నత్త చిప్పలో పెట్టి కాల్చేవారు. పిల్లల డబ్బాలోకి ఇంతకంటే మంచిది లేదు. రాత్రి భోజనంలోనే కాస్త మిగిలితే అన్నం మీద పెట్టి మరిగే గ్రీన్ టీ పోసుకుని తాగినట్టు తినేయొచ్చు. చేప పైపైన తెల్లబడుతుందే తప్ప ఉడకదు, కాబట్టి దానికీ పచ్చి చేప జాగ్రత్తలే.

వెన్నుముళ్లు పారేయకండి. కాగితంతో అద్ది, ఫ్రిజ్‌లో మూత లేకుండా ఒక పూట ఆరనిచ్చి, 160 డిగ్రీల నూనెలో బుడగలు తగ్గేదాకా నెమ్మదిగా వేపాలి. తీసి చల్లారాక 180లో ఇంకోసారి వేస్తే అప్పడంలా విరుగుతాయి. ఉప్పు, కారం చల్లితే చాలు. తలలు మాత్రం నేను జపాన్ పద్ధతిలో మిసో సూప్‌కి ఇవ్వను. చింతపండు, మెంతులు, పచ్చిమిర్చి వేసి పులుసు పెడతాను. మొప్పలు పూర్తిగా కోసి తీసేసి, లోపల గడ్డకట్టిన రక్తం కడిగి వేయండి, లేకపోతే పులుసు చేదెక్కుతుంది.